పిలుపుల పట్టిక

"తొంభై ఏడో నంబరు. తూకం ఎనభై రెండు. సంబంధం తండ్రి. అభ్యంతరం ఒకటి" అంది బల్ల మీది యంత్రం, చెవి.

సింహాద్రి ఆ అభ్యంతరం తెరిచి చూసి నవ్వు ఆపుకున్నాడు. అద్దానికి అవతల కూర్చున్న ముసలాయన తువ్వాలు కొస నలుపుతూ, తనవల్ల ఏం పొరపాటు జరిగిందోనని ఇటే చూస్తున్నాడు. పాపం, ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆయన్ని రమ్మని పిలిచిన పిలుపుదారు ఆయన కొడుకే, సముద్రాల అవతల ఉత్తర మండలిలో గాలిమరలు చూసుకుంటాడు. మూడేళ్ళ ఫోను మాటలు దాఖలు చేశాడు, అన్నీ సలక్షణంగా ఉన్నాయి. ఇందాక ప్రశ్నలు అడిగేటప్పుడు మాత్రం ముసలాయన "కాస్త గట్టిగా మాట్లాడు తల్లీ" అన్నాడట. దరఖాస్తుదారు ఈ యంత్రాన్ని తల్లిగా పేర్కొన్నారు, అని చెవి రాసిపెట్టుకుంది.

"మర్యాద పిలుపు. సంబంధం లేదు" అని పలికి సింహాద్రి బొటనవేలు ఆనించాడు. అభ్యంతరం చెరిగిపోయింది.

"అయితే నాకు తొంభై రోజులు వచ్చినట్టేనా బాబూ?"

"వచ్చినట్టే తాతగారూ. ఎడమచేతి వైపు కిటికీ దగ్గర ముద్ర వేయించుకోండి."

చెవి మళ్ళీ గంట కొట్టింది. దరఖాస్తుదారు పరిశీలకుణ్ణి కొడుకుగా పేర్కొన్నారు. పరిశీలకుడు దరఖాస్తుదారును తాతగా పేర్కొన్నారు. సింహాద్రి ఆ రెండూ కూడా చెరిపేశాడు. రోజుకి ఇలాంటివి ముప్ఫై దాకా ఉంటాయి. తెలుగువాళ్ళ నోరు ఊరుకుంటుందా, ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ చుట్టరికంలోకి లాగుతుంది. అందులో ఉత్తుత్తి చుట్టరికం ఏదో, గట్టిది ఏదో చెవికి విడమరిచి చెప్పడానికే సర్కారు ఆయన్ని పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

చుట్టరికం తేల్చడానికి మనిషి రక్తం అడగడం నేరమై అప్పటికి ఇరవై రెండేళ్ళు. కాగితాలంటారా, యంత్రాలు పుట్టించలేని కాగితం లేదు. ఫొటోలైతే మరీను. ఇక తల్లీబిడ్డలమని రుజువు చేసుకోవడానికి జనం దగ్గర మిగిలింది మాటే. ఫోను కేంద్రంలో ముద్రపడి నిలవ ఉన్న మాటలన్నీ చెవి వింటుంది. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో పిలుపుల పట్టికతో సరిచూసి, నూటికి ఇంత అని తూకం వేస్తుంది. డెబ్బై దాటితే పిల్లల దగ్గర తొంభై రోజులు ఉండి రావచ్చు. దాటకపోతే వచ్చినదారినే ఇంటికి. అబద్ధం చెప్పారని తేలితే మాత్రం జన్మలో మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనివ్వరు. కైలాసగిరి వాలు మీద, సముద్రం మింగగా మిగిలిన విశాఖని చూస్తూ నిలబడ్డ ఆ కట్టడానికి ఆహ్వాన భవనం అని పేరు పెట్టారు. పెట్టినవాడెవడో మంచి వేళాకోళగాడు.

"తొంభై ఎనిమిదో నంబరు. తూకం ముప్ఫై ఎనిమిది. సంబంధం అక్క. తల్లినని దరఖాస్తు. అసత్యం."

సింహాద్రి తలెత్తాడు. లోపలికి వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. పేరు అసిరితల్లి. ఒక చేతిలో ప్రయాణానికి సర్దుకున్న సంచి ఉంది, రెండో చేతిలో దళసరి గొంగళి. ఇక్కడ పని అవగానే ఇటునుంచి ఇటే విమానం ఎక్కేద్దామని వచ్చేసింది కాబోలు.

"కూకోనా బాబూ?"

"కూర్చోండమ్మా."

సింహాద్రి ఫైలు మొదటినుంచి చదివాడు. పిలుపుదారు ఆమె కూతురు నీలవేణి, ముప్ఫై నాలుగేళ్ళు. ఉత్తర మండలిలో సముద్రపు నాచు ఎండబెట్టే షెడ్లలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. గురువారం ఆపరేషను. సొంతవాళ్ళు ఒకరు పక్కన నిలబడి చేతిముద్ర వేస్తే తప్ప అక్కడి ఆస్పత్రి కత్తి పట్టదు. ఆ పిల్లకి మొగుడు లేడు, తండ్రి పోయాడు. ఈ గురువారం తప్పితే మళ్ళీ వంతు ఎనిమిది నెలలకి. అన్నాళ్ళు ఆమె బతకదని డాక్టరు రాసిన చీటీ ఫైల్లోనే ఉంది. ఉత్తరానికి వారానికి ఒకటే విమానం, అది ఇవాళ సాయంత్రం ఆరింటికి. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

ఆయన ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఫోను మాటలు వినడం మొదలుపెట్టాడు.

"అప్పా, తిన్నావేటి?"

"తిన్నానే. నీ దగ్గేటి అలగుంది?"

"సలికే అప్పా. ఏటీ నేదు."

"అబద్దాలాడితే సంపేత్తాను. బేగి డాక్టరు కాడికెల్లు."

మూడేళ్ళలో నాలుగు వేల మూడు వందల సార్లు అప్పా. మచ్చుకి ఒక్కసారి కూడా అమ్మా లేదు. చెవి మొదట అదేదో పొరుగు భాష అనుకుని, ఆడమనిషిని పట్టుకుని తండ్రి అని రాసుకుంది. తర్వాత సిక్కోలు యాస గుర్తుపట్టి, పట్టిక చూసి, అప్ప అంటే అక్క అని దిద్దుకుంది. దిద్దుకున్నందుకు తన పనితనానికి తానే రెండు మార్కులు ఎక్కువ వేసుకుంది కూడా.

"అమ్మాయి మిమ్మల్ని అప్పా అని ఎందుకంటుందమ్మా?" అన్నాడు సింహాద్రి.

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అసిరితల్లి. "మరేటంటాది బాబూ? మా యమ్మ సచ్చిపోయినప్పటికి నాకు పదమూడేళ్ళు. నా ఎనకాతల నలుగురు. ఆళ్ళని నానే పెంచినాను. అందరూ అప్పా, అప్పా అని నా కొంగట్టుకు తిరిగీవోరు. మా గుంట ఆళ్ళ మద్దెన పుట్టినాది, అదీ అప్పా అన్నాది. అమ్మా అనవే అని దాని బాబు నూరిపోసినాడు. నోరు తిరగనేదు దానికి. ఇంటందరికీ అప్పనయితే దానికి మాత్రం కానేటి?"

"మీరేం తప్పు చెప్పలేదమ్మా."

"మరి ఆ పెట్టి నన్ను అబద్దాలకోరంతంది, బయట తెర మీద ఎర్రగా ఏసినారు. సదువుకున్న గుంటలు సదివి సెప్పినారు." ఆమె సంచి ఒళ్ళోకి లాక్కుంది. "దాన్ని కన్నప్పుడు రెండు రోజులు నొప్పులు పడ్డాను. అక్క పడతాదేటి బాబూ ఆ నొప్పులు?"

సింహాద్రి ఆమెని అక్కడే కూర్చోమని, లేచి ఉపసంచాలకురాలి గదికి వెళ్ళాడు.

మృణాళిని మంచి మనిషే. పని తెలిసిన మనిషి. సింహాద్రి చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నమ్ముతున్నానండీ. కానీ నా నమ్మకానికి తూకం లేదు కదా. పట్టికలో అప్ప అంటే అక్క."

"పట్టిక మార్చవచ్చు."

"మార్చవచ్చు. మార్చిన మరుక్షణం ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? తొమ్మిదో నిబంధన. ఆ మాట మీద తీర్పు పడ్డ ప్రతి ఫైలూ తనంతట తనే తెరుచుకుంటుంది. ఆపడానికి వీలుండదు. అందుకేగా పన్నెండేళ్ళుగా ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. కొరివితో తల గోక్కుంటానంటారా సింహాద్రి గారూ?"

"ఆవిడ కూతురు చచ్చిపోతుందండీ."

మృణాళిని నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "ఆ పట్టిక రాసింది మీరే కదా. మీదీ ఆ పక్కే కదా. ఇళ్ళలో ఇలా పిలుస్తారని మీకు తెలియదా? అప్పుడే ఎందుకు రాయలేదు?"

పుండు మీద కారం పడ్డట్టయింది ఆయనకి. ఏదో గొణిగి బయటికొచ్చేశాడు.

తెలియకపోవడం ఏమిటి. అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా? సింహాద్రి తల్లి నూకరత్నం పెళ్ళై వచ్చేటప్పటికి ఇంట్లో ముగ్గురు మరుదులు, చిన్నవాడికి నాలుగేళ్ళు. వదినా అన్నం, వదినా చొక్కా, వదినా వీపు రుద్దు. ఇంట్లో తెల్లారితే వినిపించే మాట అదే. ఆ ఇంట్లో పుట్టిన సింహాద్రీ, ఆయన చెల్లెలు సత్యవేణీ ఆ మాటే పట్టుకున్నారు. కన్నతల్లిని వదినా అన్నారు. బళ్ళో పిల్లలు పడీపడీ నవ్వితే సింహాద్రి పదేళ్ళప్పుడు ఒక వారం పాటు అమ్మా అని పిలిచి చూశాడు. నూకరత్నం రెండు రోజులు పలకలేదు. ఎవర్నో పిలుస్తున్నాడనుకుంది.

పట్టిక రాసే రోజుల్లో రాజధానిలో ఏడుగురు కూర్చునేవారు. అందులో ఒకాయన ఒక మధ్యాహ్నం "కొన్ని ఇళ్ళల్లో తల్లిని వదినా అంటారట, విన్నారా? ఆ లెక్కన తండ్రి ఏమవుతాడండీ!" అన్నాడు. గదంతా గొల్లుమంది. సింహాద్రి కూడా నవ్వాడు. ఆ తర్వాత అమ్మ అన్న మాటకి ఎదురుగా తల్లి అని, వదిన అన్న మాటకి ఎదురుగా అన్న భార్య అని, అప్ప అన్న మాటకి ఎదురుగా అక్క అని తన చేత్తో రాశాడు. మాటకి ఒకటే అర్థం, ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు.

అయిదేళ్ళు తిరిగేసరికి ఆ పట్టికే ఇంటి మీదికి వచ్చింది. ఉత్తరంలో ఉన్న సత్యవేణి తల్లిని తొంభైకి పిలిచింది. తూకం నలభై ఒకటి. సంబంధం వదిన. అసత్యం. సొంతవాళ్ళ ఫైలు పరిశీలకుడు ముట్టుకోకూడదని నిబంధన ఉంది కనక సింహాద్రి దాని చాటున నక్కాడు. నిజానికి పట్టికలో ఒక్క వరస చేరిస్తే సరిపోయేది. చేర్చాలంటే మా అమ్మని వదినా అన్నానని పలికి సాక్ష్యమివ్వాలి, అన్నీ తెలిసే దాచానని ఒప్పుకోవాలి. నోరు రాలేదు. నూకరత్నం మాత్రం "పోనీలే నాయనా, ఆ చెవికి మన మాట ఇనబడనేదేమో" అంది. మరుసటేడు పోయింది. సత్యవేణి ఫోనులో ఒకే మాట అడిగింది, "పట్టిక నువ్వేగా రాశావు అన్నయ్యా?" అని. ఆ తర్వాత ఆరేళ్ళుగా ఆమె గొంతు ఆయన వినలేదు.

సింహాద్రి తిరిగి వచ్చేసరికి అసిరితల్లి కూర్చున్న చోటే ఉంది. గొంగళి విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"అక్కడ మంచుంటాదంట కదా బాబూ. దీన్నే నిండా కప్పుతాను దానికి" అంది. మడత సరిచేస్తూనే, "కానేదా పని?" అని అడిగింది.

ఆమె మొహంలోకి చూడలేక ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఎదురుగా తెర మీద ముప్ఫై ఎనిమిది. దాని కింద రెండే మీటలు, ధ్రువీకరించు, వాయిదా వేయి. ధ్రువీకరిస్తే ఆమె జన్మంతా అబద్ధాలకోరు. వాయిదా వేస్తే ఆ పిల్ల ఉండదు. ఈ రెండూ కాని మూడోది తన బొటనవేలికి ఉందని ఆయనకి తెలుసు. పన్నెండేళ్ళుగా దాన్ని వాడలేదు.

పట్టికకర్త ముద్ర పెట్టగానే తెర తెల్లబడింది.

"ఏ మాట మారుస్తారు?" అంది చెవి.

అప్ప అనబోయి ఆగాడు. అప్ప ఒక్కటీ మారిస్తే ఇవాళ్టికి గడుస్తుంది. రేపు ఇంకో ఇంట్లో తల్లిని అక్కా అనే పిల్ల వస్తుంది, పిన్నీ అనేవాడు వస్తాడు, పేరు పెట్టి పిలిచేవాడు వస్తాడు. ఎన్నని చేర్చుకుంటూ పోతాడు?

"అన్ని మాటలూ" అన్నాడు. "కొత్త వరస రాసుకో. ఇంట్లో నలుగురూ ఏ పిలుపుతో పిలిస్తే పిల్లలు ఆ పిలుపు పట్టుకోవచ్చు. తల్లిని ఏమని పిలిచినా తల్లే. పిలుపును బట్టి కాదనడానికి వీల్లేదు. మిగతా మాటలు విను. ఎవరు ఎవర్ని తిన్నావా అని అడిగారో విను. ఎవరు ఎవరి దగ్గర జబ్బు దాచారో, ఎవరు కనిపెట్టి తిట్టారో అది తూచు."

"ఈ మార్పుకి సజీవ సాక్ష్యం కావాలి. సాక్షి తన అనుభవం పలకాలి."

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. ఉద్యోగంలో చేరిననాటి నుంచి తోమి తోమి నునుపు చేసుకున్న తెలుగు ఆయనది. తీరా నోరు తెరిస్తే ఆ తెలుగు రాలేదు.

"నాను మా యమ్మని వదినా అన్నాను" అన్నాడు. "పుట్టినకాణ్ణించీ అదే అన్నాను. నాకు తెలుసు. తెలిసీ పట్టికలో రాయనేదు. నలుగురూ నవ్వుతారని సిగ్గుపడ్డాను."

గొంగళి మడతపెడుతున్న అసిరితల్లి చేతులు ఆగిపోయాయి. "ఓలమ్మా, మనోడేనేటి" అని తనలో తను అనుకుంది.

ఆయన బొటనవేలు ఆనించాడు.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత హాల్లో ఉన్న ఇరవై కిటికీల దీపాలూ పసుపు రంగులోకి మారాయి. పిలుస్తున్న నంబర్లు ఆగిపోయాయి. బయట బెంచీల మీద గుసగుసలు బయల్దేరాయి. మృణాళిని పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏం చేశారండీ! పదకొండు వేల మూడు వందల నలభై ఫైళ్ళు తెరుచుకున్నాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. వెనక్కి తీసుకోండి."

"తొమ్మిదో నిబంధన మేడమ్. ఆపడానికి వీలుండదు."

"రేపు మీకీ కుర్చీ ఉండదు, తెలుసా?"

"ఉండదు లెండి" అన్నాడు సింహాద్రి. "అప్పుడెందుకు రాయలేదని అడిగారు కదా. ఇప్పుడు రాశాను."

మృణాళిని బల్ల అవతల గొంగళి పట్టుకుని బిక్కమొహంతో చూస్తున్న అసిరితల్లిని గమనించింది. వెళ్ళేముందు, నడుస్తున్న ఫైళ్ళు ముందు తూచమని, పాతవి తేదీల వరసన తర్వాత చూడమని చెవికి ఆజ్ఞ ఇచ్చింది. ఆ మాత్రం ఆమె చేతిలో ఉంది, చేసింది.

మూడేళ్ళ మాటలు మొదటినుంచి మళ్ళీ వినడానికి చెవికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ అసిరితల్లి కదల్లేదు. సింహాద్రి తన టిఫిను డబ్బా ముందుకు జరిపితే, గుంట కబురు తెలిసేదాకా ముద్ద దిగదంది. మూడింటికి పది నిమిషాలుందనగా తెర మీద అంకె మారింది.

"తొంభై ఎనిమిదో నంబరు. తూకం తొంభై ఒకటి. సంబంధం తల్లి."

అసిరితల్లికి అంకెలు తెలియవు. సింహాద్రి మొహం చూసి తెలుసుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా సంచి భుజాన వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఎల్లొత్తాను తమ్ముడా" అంది.

"వెళ్ళిరా అప్పా" అన్నాడు ఆయన.

చెవి గంట కొట్టింది. అభ్యంతరం, దరఖాస్తుదారు పరిశీలకుణ్ణి తమ్ముడిగా పేర్కొన్నారు, పరిశీలకుడు దరఖాస్తుదారును అక్కగా, తల్లిగా, అని అక్కడిదాకా వచ్చి ఆగింది. సంబంధం అన్న గడి చాలాసేపు ఖాళీగా ఉంది. చివరికి అందులో, పన్నెండేళ్ళలో మొదటిసారి, తెలియదు అని పడింది. సింహాద్రి దాన్ని చెరపలేదు.

ఆ తర్వాత ఆయనకి పనేమీ లేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. జనం మాత్రం ఎవరూ ఇళ్ళకి పోలేదు, ఇంకా వస్తున్నారు కూడా. పాత ఫైళ్ళ వాళ్ళకి ఫోన్లు వెళ్తున్నాయని తెలిసింది. ఒక పెద్దాయన హాలు మధ్యలో ఫోను పట్టుకుని, ఎప్పుడో పదకొండేళ్ళ కిందటి పిలుపిది, కూతురు ఇప్పుడు ఆ ఊళ్ళోనే లేదు, ఏం చెయ్యమంటారని కనబడ్డ ప్రతివాళ్ళనీ అడుగుతున్నాడు. ఒకావిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. ఆలస్యంగా చేసిన మంచి ఎంత గాయం చేస్తుందో సింహాద్రి కూర్చునే చూశాడు. సత్యవేణికి ఫోను చేద్దామని రెండుసార్లు తీసి రెండుసార్లూ పెట్టేశాడు.

అయిదింటికి అటూ ఇటూగా ఫోను దానంతట అదే మోగింది. ఆయన ఎత్తాడు. రోజూ పక్కన వినే గొంతే, ఫోనులో వింటే కొత్తగా ఉంది.

"నూకరత్నం గారి కోసం. వారి దరఖాస్తులో ఇచ్చిన నంబరు ఇది. ఏడేళ్ళ కిందటి తీర్పు రద్దయింది. కొత్త తూకం తొంభై ఆరు. పిలుపుదారు సత్యవేణి గారి దగ్గర తొంభై రోజులు ఉండడానికి అనుమతి మంజూరైంది. కబురు అందినట్టు వారే స్వయంగా పలకాలి. దయచేసి దరఖాస్తుదారును పిలవండి."

తూకం తొంభై ఆరు. ఆవేళ ఆ గదిలో అందరికన్నా ఎక్కువ. సింహాద్రి ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయాడు. ఆవిడ లేదని చెప్పాలి. అది చెప్పడానికి ఫోను మీద వేరే మీట ఉంది, ఏ మీటో కూడా ఆయనకి తెలుసు.

"దరఖాస్తుదారును పిలవండి" అంది చెవి మళ్ళీ.

"వదినా" అని పిలిచాడు సింహాద్రి.

సంబంధం తల్లి, అని చెవి రాసుకుంది. రాసుకుని, ఆవిడ పలుకుతుందేమోనని వింటూ ఉంది.